అరచేతి లెక్క

డెబ్బై నాలుగో సంవత్సరం వానాకాలంలో నేను తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చాను. పుట్టిల్లంటే పెంకుటిల్లూ పెరడూ అనుకునేరు. బెజవాడ నుంచి బందరు రోడ్డు మీద కంకిపాడు వైపు పోతుంటే, ఇప్పుడు బెంజ్ సర్కిల్ అంటున్న చోటు దాటాక, పొలాల మధ్య ఒక మిషను ఆసుపత్రి ఉండేది. పేరెందుకులెండి, ఇప్పుడది లేదు. దాని వెనక పనివాళ్ల కోసం కట్టిన ఆరు గదుల వరసలో మూడో గది మాది. మా నాన్న ఇశ్రాయేలు ఇరవై రెండేళ్లుగా అక్కడ లాండ్రీ మేస్త్రి. ఉద్యోగం ఉన్నన్నాళ్లే గది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు గానీ, గోడకి మేకు కొట్టాలన్నా మా అమ్మ సంపూర్ణమ్మ రెండుసార్లు ఆలోచించేది.

ఆసుపత్రికి వానాకాలమంటే జ్వరాల భయం. మా ఇంటికి మాత్రం బట్టల భయం. ప్రసూతి వార్డు నుంచి రోజుకి నూటయాభై పొత్తిగుడ్డలు వచ్చేవి, దుప్పట్లూ గౌన్లూ సరేసరి. ఎండాకాలంలో కాలవగట్టున తాళ్ల మీద గంటలో ఆరిపోయేవి, ముసురు పడితే మూడు రోజులకీ ఆరేవి కావు. వరండాల నిండా తాళ్లు కడితే, ఆ గుడ్డల కింద నుంచి వంగి నడవలేక నర్సమ్మలు విసుక్కునేవారు. ముక్కిన వాసన వేసే గుడ్డలో పసిబిడ్డని చుట్టి ఇచ్చేటప్పుడు నాన్న తల దించుకునేవాడని అమ్మ చెప్పేది. పనంటే ఆయనకి అంత అభిమానం.

ఆ ఏడు ఎవరో దాతలు సముద్రం దాటించి బట్టలారబెట్టే యంత్రం ఒకటి పంపారు. మనిషి దూరేంత ఇనప పీపా, అడ్డంగా పడుకుని మోటారుతో గిర్రున తిరుగుతుంది. కాగితాల్లో దాని పేరు ఏదైనా మాకందరికీ అది పీపాయే. వేడికి దానికేదో గ్యాసు కావాలట, అది మనకెక్కడిది? ఆటోనగర్‌లో ఫిట్టరుగా చేస్తున్న మా ఆయన జాన్‌బాబు, తన మేస్త్రిని వెంటబెట్టుకొచ్చి ఆ గ్యాసు సరంజామా అంతా విప్పేశాడు. పక్కనే ఇటుకలతో బొగ్గుల పొయ్యి కట్టి, దాని వేడి గాలిని పీపాలోకి తోలే ఫ్యాను బిగించాడు. తడిగాలి పోవడానికి కప్పు మీదికో గొట్టం పెట్టాడు. అంతా బాగానే కుదిరింది గానీ, వేడి ఎంతుందో చూపించే మీటరు ఓడలోనే పగిలి వచ్చింది.

పొయ్యి దగ్గర పుల్లయ్య బాబాయిని పెట్టారు. బాబాయి అంటే వరసకేం కాడు, నేను పుట్టక ముందు నుంచీ ఆసుపత్రి బాయిలరు దగ్గర బొగ్గు వేసే మనిషి. నోట్లో నాలుక లేనివాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో నాలుగు బొగ్గు తడిసిందని.

మొదటి రెండు రోజులూ పీపా మమ్మల్ని ఏడిపించింది. గంటసేపు తిప్పినా గుడ్డలు ఆవిరి కుడుముల్లా వేడివేడిగా, తడితడిగా వచ్చాయి. పొయ్యి చూస్తే ఎర్రగా మండుతోంది. సంగతేమిటని బయటికెళ్లి కప్పు మీదికి చూద్దును కదా, గొట్టం మూతికి గోనెపట్టా కుక్కి ఉంది.

"ఇదేంటి నాన్నా?" అన్నాను.

"వేడంతా ఆకాశంలోకి పోతంటే చూస్తా ఊరుకోమంటావా? బొగ్గులు మనయ్యి, వెచ్చదనం కాకులకా?" అన్నాడు.

అన్నం క్యారేజీ తెచ్చిన అమ్మ కూడా ఆయన పక్షమే. "కుండ మీద మూత పెడితేనే గదే ఉడికేది," అంది.

నేను ఎస్సెల్సీ చదివాను. పీపాకి బిగించిన రేకు మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, గాలి దారి మూయకూడదని రాసుందని చెప్పాను. రాసినవాళ్లకి మన వాన సంగతేం తెలుసు అన్నాడు నాన్న. అప్పుడు నాకొక మాట తోచింది.

"అన్నం ఉడకాలంటే మూత పెడతాం. వడియాలు ఎండాలంటే పెడతామా?"

నాన్న కాసేపు నన్ను చూశాడు. తర్వాత పుల్లయ్య బాబాయిని చూశాడు. నిచ్చెనెక్కి గోనెపట్టా పీకేశాడు. స్టేషన్లో ఇంజను వదిలినట్టు గొట్టంలోంచి తెల్లటి ఆవిరి గుప్పున లేచి గోడ దాటి పొలాల మీదికి పోయింది. ముప్పావుగంటలో గుడ్డలు ఆరాయి. "కడుపులో పిల్ల చెప్పుంటుంది, దీనికంత తెలివెక్కడిది?" అని నాన్న వార్డంతా చెప్పుకుని తిరిగాడు.

ఆ తర్వాత పది రోజుల్లో ఆయన ఆ యంత్రాన్ని లొంగదీసుకున్న తీరు చూడాలి. ఒక్క అక్షరం చదవలేని మనిషి, గుడ్డ మనసు మాత్రం చదివేశాడు. పీపా నిండా కుక్కితే గాలాడదని సగానికే వేసేవాడు. లోపలి జల్లెడకి పట్టే నూగు ప్రతి విడతకీ తన చేత్తో గీకి తీసేవాడు. మొదట్లో పొయ్యి బాగా రాజేయించి, సగం దాటాక తగ్గించి, చివరి పది నిమిషాలూ పొయ్యి తలుపు మూసేసి ఒట్టి గాలి మాత్రం తోలించేవాడు.

"తడి ఉన్నంతసేపూ వేడంతా తడికే తగుల్తుందమ్మా. తడి పోయాక తగిలేదంతా గుడ్డకే," అనేవాడు. "అప్పుడు తగ్గించుకోకపోతే చేజేతులా తగలెట్టినట్టే."

మీటరు లేని లోటుకి ఆయనే ఒక లెక్క కనిపెట్టాడు. పీపా తలుపు మీద అరచెయ్యి ఆనించి ప్రభువు ప్రార్థన మొదలుపెట్టాలి. ప్రార్థనలో ఆహారం అడిగే మాట దాకా చెయ్యి ఆగితే అది సరైన వేడి. అంతకు ముందే చురుక్కుమని తీసేస్తే ఎక్కువైనట్టు. క్షమాపణ అడిగేదాకా ఆగగలిగితే తక్కువ, నాలుగు బొగ్గులు వెయ్యాలి. ఇక ఆమెన్ దాకా ఆగిందంటే పుల్లయ్య నిద్రపోతున్నట్టు. ఈ లెక్క విని మా పాస్టరుగారు నవ్వాలో కోప్పడాలో తెలియక గడ్డం సవరించుకున్నారు. పుల్లయ్య బాబాయి హిందువు, అయినా వినీ వినీ ఆయనకి కూడా ప్రార్థన సగం దాకా వచ్చేసింది.

నాన్న తలుపు మీద ఎడమచెయ్యి ఆనించేవాడు. అన్నిటికీ కుడిచెయ్యి వాడే మనిషి దీనికి ఎడమచెయ్యి ఎందుకు పెడుతున్నాడని నాకు తోచలేదు. అంత ఉక్కలోనూ నిండు చేతుల చొక్కా ఎందుకని కూడా తోచలేదు. పొద్దున్నే అమ్మ ఆయన చొక్కాకి బొత్తాలు పెడుతుంటే, ఈ వయసులో ఏం ముచ్చటని నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకి సిగ్గేస్తుంది.

ఆగస్టంతా పొత్తిగుడ్డలు మల్లెపువ్వుల్లా వెళ్లాయి. సెప్టెంబరులో కమరడం మొదలైంది. ముందు ఒక దుప్పటి అంచు, తర్వాత రెండు గౌన్లు, ఆ తర్వాత విడతకి నాలుగైదు పొత్తిగుడ్డలు. గోధుమరంగు చారలు పడి, పట్టుకుంటే పెళపెళలాడేవి. ప్రసూతి వార్డు ఆయా ఆదెమ్మ వాటిని వేలి కొసలతో పట్టుకొచ్చి మా ముందు పడేసేది.

"పిల్లల్ని చుట్టేదా ఇది, పకోడీలు కట్టేదా మేస్త్రీ?"

నాన్న నామీద కసురుకున్నాడు, బొగ్గు మంచిది కాదన్నాడు, ఫ్యాను పాడైందన్నాడు. జాన్‌బాబు వచ్చి ఫ్యాను విప్పి చూసి, బాగానే ఉందని మళ్లీ బిగించి వెళ్లాడు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం క్యారేజీ నేనే పట్టుకెళ్లాను. నాకప్పుడు ఎనిమిదో నెల. వాన సన్నగా పడుతోంది. నాన్న నాకు వీపు పెట్టి పీపా ముందు నిలబడి, తలుపు మీద అరచెయ్యి ఆనించి పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థనకి అడ్డం రాకూడదని గుమ్మంలోనే ఆగాను. ఆహారం మాట దాటింది. క్షమాపణ దాటింది. ఆమెన్ కూడా అయిపోయింది. నాన్న తాపీగా చెయ్యి తీశాడు.

"ఇంకా చల్లగానే ఉంది పుల్లయ్యా. నాలుగు బొగ్గులెయ్యి."

పొయ్యి దగ్గరున్న పుల్లయ్య బాబాయి కదల్లేదు. నేను దగ్గరికెళ్లి అదే తలుపుకి వేలు తగిలించాను. చటుక్కున లాక్కుని నోట్లో పెట్టుకున్నాను. వెనక్కి తిరిగిన నాన్న నా వేలు చూశాడు. తర్వాత తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. బొటనవేలి కింద చర్మం తెల్లగా లేచి ఉంది.

"క్యారేజీ అక్కడ పెట్టెళ్లు," అన్నాడు.

పెట్టి గదికొచ్చేశాను. ఆసుపత్రి వెనక పుట్టి పెరిగినదాన్ని, కాలినా తెలియని చెయ్యంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ బియ్యం ఏరుతోంది. నేను నోరు తెరిచేలోపే నా మొహం చూసి, "తెలిసిందా?" అంది.

"నీకెప్పటినించి తెలుసు?"

"పోయినేడు ఉగాదప్పుడు మచ్చ చూశా. ఈ ఎండాకాలం కుడిచేతి వేళ్లు వంకరపోయినయ్యి. ఇప్పుడు ఎడమచేతికీ వచ్చినట్టుంది." అమ్మ చాట పక్కన పెట్టలేదు. "ఒకే కంచంలో తింటన్నాం. నాకేం కాలేదు. నీ పురుడు కానీ, ఆ తర్వాత నేనే డాక్టరమ్మ కాళ్లు పట్టుకుంటా. ఇప్పుడు బయటపడితే ఈ గది పోద్ది. నిన్నీ కడుపుతో ఏ చెట్టు కింద కూచోబెట్టనే?"

నేనూ ఒప్పుకున్నాను. భయమే అందుకు కారణం, ఇంకో కారణం వెతుక్కోను. డాక్టరమ్మ నూరు గజాల దూరంలో ఉంది, మందూ ఉంది, అయినా మా నాన్న చేతులు మా కళ్లముందే చచ్చుబడిపోతుంటే తల్లీకూతుళ్లం నా పురుటికి రోజులు లెక్కపెడుతూ కూర్చున్నాం.

వారం తిరక్కుండా గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. నాన్న ఆ రోజు చివరి పది నిమిషాల గాలి కూడా తోలించలేదు. పైనుంచి వార్డువాళ్లు తొందరపెడుతున్నారు. మాడుతున్న గుడ్డల్ని అలాగే వేడిమీద మడతపెట్టి, మూటకట్టి పంపేశాడు. ఆ మూటని ఆదెమ్మ ప్రసూతి వార్డు బీరువాలో పెట్టి తలుపు వేసింది. రెండు గంటల తర్వాత బీరువా సందుల్లోంచి పొగ వచ్చింది. వేడి చల్లారని గుడ్డలు ఒకదాని మీద ఒకటి పడి లోలోపల రాజుకున్నాయి. పన్నెండు మంది బాలింతల్ని, పన్నెండు మంది పసివాళ్లని వానజల్లు కొట్టే వరండాలోకి తెచ్చారు. ఆదెమ్మ బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం మా అదృష్టమే గానీ మా జాగ్రత్త కాదు.

సాయంత్రం, పనివాళ్ల మీద అజమాయిషీ చేసే స్టీవార్డు శేషగిరిరావుగారు లాండ్రీకొచ్చారు. చెడ్డ మనిషి కాదు, పద్ధతి మనిషి. ఆదెమ్మ, డాక్టరు రమాసుందరిగారు, నర్సమ్మలు ఇద్దరు వెనకే వచ్చారు. అమ్మా నేనూ గుమ్మం పక్కన నిలబడ్డాం.

"పొయ్యి ఎవరి చేతిలో ఉంటుందయ్యా?" అన్నారు శేషగిరిరావుగారు.

"నా చేతిలోనేనండి," అన్నాడు పుల్లయ్య బాబాయి.

"నెలరోజులుగా మాడుస్తున్నావు. ఇవాళ నిప్పే అంటించావు. ఏమన్నా చెప్పుకునేది ఉందా?"

బాబాయి నేల చూశాడు. "లేదండి."

"అయితే రేపటి నుంచి పనిలోకి రాకు."

నాన్న చేతులు వెనక్కి పెట్టుకుని పీపాకి ఆనుకుని ఉన్నాడు. ఆయన గొంతు కదలడం, పెదాలు విడివడడం చూశాను. ఒక్క క్షణం. ఆ క్షణం దాటనిచ్చానో లేదో నాకు తెలియదు. ఎప్పటి నుంచో లోపల కుక్కి పెట్టుకున్న మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"తప్పు బాబాయిది కాదండీ. మా నాన్న చెయ్యి చూడండి."

రమాసుందరిగారే ముందుకొచ్చి, "ఏదీ, ఇటు పట్టండి మేస్త్రిగారూ," అన్నారు. నాన్న పట్టలేదు. ఆవిడే ఆయన చెయ్యి అందుకుని, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచారు. ఆదెమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

మర్నాడు పరీక్ష చేశారు. కళ్లు మూసుకోమని, దూదితో తాకి, సూదితో గుచ్చి, వేడినీళ్ల గొట్టం, చన్నీళ్ల గొట్టం ఆనించి, తెలుస్తోందా అని అడిగారు. నాన్న ప్రతిదానికీ "తెలవటంలేదండి" అన్నాడు. కుష్టు అని డాక్టరుగారు పేరు పెట్టి చెప్పారు. రోజూ మాత్ర వేసుకోవాలి, ఏళ్ల తరబడి. మందు పడ్డాక ఒకరికి అంటుకునేది కాదు. చచ్చుబడిన నరం మాత్రం మళ్లీ రాదు. రోజూ సాయంత్రం ఇంట్లోవాళ్లు ఆయన చేతులూ కాళ్లూ తిప్పి చూడాలి, కాలినా తెగినా ఆయనకి తెలియదు గనక.

"ఏడాది ముందు వచ్చుంటే ఈ వేళ్లు దక్కేవి సంపూర్ణమ్మగారూ," అన్నారు ఆవిడ. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గది ఖాళీ చేయించాలని మాట వచ్చింది. "మాత్రలు మింగే మనిషిని వెళ్లగొడితే రేపు ఇంకెవరు వచ్చి చెయ్యి చూపిస్తారండీ?" అని రమాసుందరిగారు అడ్డం పడ్డారు. గది నిలిచింది. నాన్నని లాండ్రీ నుంచి తీసి గేటు దగ్గర కాపలా పెట్టారు. పుల్లయ్య బాబాయి పని కూడా నిలిచింది. జరిగినవన్నీ చూస్తే నేను చేసింది మంచిపనే అనాలి. కానీ వరసలోవాళ్లు కుళాయి దగ్గర మా బిందెని చివరికి నెట్టారు. నాన్న దాటిన గుమ్మం మీద ఆదెమ్మ ఫినాయిలు చల్లింది. మా అత్తగారు మైలవరం నుంచి మనిషిని పంపి, కోడల్ని ఆ ఇంట్లో కననివ్వొద్దు, తీసుకురమ్మని కబురు చేసింది. జాన్‌బాబు ఆ మనిషికి కాఫీ ఇప్పించి, "మా మామయ్య మందు వేసుకుంటున్నాడని చెప్పు," అని పంపేశాడు. వాళ్లమ్మ మాట ఆయన కాదనడం నేను చూడటం అదే మొదలు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది అమ్మ అన్న ఒక్క మాట. పరీక్ష జరిగిన మర్నాడే, చేపలు తోముతూ, నా వైపు చూడకుండా అంది.

"ఆయన చెప్పబోయాడే. నోరు తెరిచాడు. నువ్వు ఒక్క గుక్క ఆగలేకపోయావు. తనంతట తాను చెప్పుకున్న మనిషిగా ఉండేవాడు. కూతురు పట్టిచ్చిన మనిషయ్యాడు."

చెయ్యి బయటపడ్డ రోజు నుంచి నాన్న నాతో మాట్లాడలేదు. కోపం చూపించలేదు, ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాడు, అంతే. నలభై మూడు రోజులు. ఇంట్లో ఒకే పైకప్పు కింద ఉండి మాట లేకుండా బతకడం ఎంత కష్టమో పడ్డవాళ్లకి తెలుసు. సాయంత్రాలు అమ్మ ఆయన అరచేతులు తన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క వేలూ తిప్పి చూసేది. నేను దగ్గరికి వెళ్తే ఆయన చేతులు లాగేసుకునేవాడు.

లాండ్రీ నామీద పడింది. నిండు నెలలతో స్టూలు మీద కూర్చుని పుల్లయ్య బాబాయికి సైగలు చేసేదాన్ని. జాన్‌బాబు పాత లారీ ఇంజనుకుండే వేడి మీటరొకటి తెచ్చి పీపాకి బిగించాడు. ముల్లు పచ్చగీత దగ్గరుంటే సరి, ఎర్రగీత దగ్గరికొస్తే పొయ్యి తగ్గించాలి. ఇక చేతులతో పనిలేదు. మిగిలినవన్నీ నాన్న చేసినట్టే చేశాను, సగం నింపడం, నూగు తియ్యడం, చివర ఒట్టి గాలి తోలడం. గుడ్డలు మళ్లీ తెల్లగా వెళ్లాయి.

అక్టోబరు మూడోవారంలో నాకు ఆడపిల్ల పుట్టింది. అందరూ చూశారు. నాన్న వార్డు గుమ్మం బయట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, దూరం నుంచే చూసి, గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. డాక్టరుగారు ఎత్తుకోవచ్చన్నా ఎత్తుకోలేదు.

పిల్లకి పద్దెనిమిదో రోజున మళ్లీ ముసురు పట్టింది. పొద్దున తొమ్మిదింటికి పిల్లని అమ్మ దగ్గర పెట్టి, పొత్తిగుడ్డల కోసం లాండ్రీకి వెళ్లాను. నేను పురిట్లో ఉండగా పుల్లయ్య బాబాయి ఒక్కడే నెట్టుకొస్తున్నాడు. వార్డుకి వెళ్లిన గుడ్డలు రెండు రోజులుగా చెమ్మగా ఉన్నాయని ఆదెమ్మ సణుగుతోంది. మీటరు ముల్లు పచ్చగీత మీదే ఉంది. పీపా తెరిచి ఒక పొత్తిగుడ్డ తీశాను. వెచ్చగా, పొడిగా ఉంది. మడత పెట్టబోయాను.

గుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడైంది. నాన్న. ఆ రోజు తర్వాత ఆయన లాండ్రీ గుమ్మం తొక్కడం అదే. ఎందుకొచ్చాడో అప్పుడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. వచ్చి నా చేతిలోని గుడ్డని రెండు మణికట్ల మధ్య పట్టుకున్నాడు. దాన్ని గాలిలో నాలుగుసార్లు దులిపి, చల్లార్చి, చెంపకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"పచ్చి," అన్నాడు.

నలభై మూడు రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.

"వేడిమీద చూస్తే ఏ గుడ్డయినా ఆరినట్టే ఉంటుంది. చల్లారాక చూడాలి. పసిదానికి ఇది పనికిరాదు. మళ్లీ వెయ్యి."

వేశాను. మోటారు తిరిగింది. నాన్నా నేనూ దాని ముందు నిలబడ్డాం. పుల్లయ్య బాబాయి మాకు వీపు పెట్టి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని బొగ్గులు సర్దుతున్నాడు. ఆయన ఉన్నాడని కూడా చూడకుండా అడిగేశాను. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"నాన్నా, ఆ రోజు నువ్వు చెప్పబోయావంట. అమ్మ అంది. నేనాగుంటే చెప్పేవాడివా?"

నాన్న తిరిగే పీపా వైపే చూస్తున్నాడు.

"లేదమ్మా," అన్నాడు. "మీ అమ్మకి నామీద గురి ఎక్కువ. నేను నోరు తెరిచింది పుల్లయ్యని మందలించి ఒదిలెయ్యమని చెప్పడానికి. తప్పు నాదని చెప్పడానికి కాదు. స్టీవార్డుగారు ఒదలకపోయినా నేను చెప్పేవాణ్ణి కాదు. పుల్లయ్య మూట సర్దుకుని పోతుంటే ఇక్కడే నిలబడి చూసేవాణ్ణి. ఈ నెలన్నరా నీతో మాట్లాడలేకపోయింది అందుకే. నీ మీద కోపంతో కాదు."

అప్పుడు గుర్తొచ్చి పొయ్యి వైపు చూశాను. పుల్లయ్య బాబాయి చెయ్యి ఆగింది.

"తెలుసులే ఇశ్రాయేలూ," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "నీ చేతుల సంగతి నేను ఎండాకాలం నించీ చూస్తానే ఉన్నా. నువ్వు బొగ్గులెయ్యమంటే తెలిసే ఏశాను, అందులో నా తప్పూ ఉంది. నాకు కంకిపాడులో చెల్లెలింటి వసారా ఉంది. నీకీ గది తప్ప దిక్కులేదు. అందుకని ఊరుకున్నా." ఇంకో బొగ్గు పొయ్యిలో వేశాడు. "కోపం రాలేదనుకోకు. వచ్చింది. ఇప్పటికీ ఉంది."

"ఉండాలి," అన్నాడు నాన్న.

బాబాయి పొయ్యి తలుపు మూసి, అడుగు నుంచి బూడిద ఇనపతట్టలోకి లాగాడు. అందులో ఇంకా ఎర్రటి కణికలు ఉన్నాయి. తట్ట నిండింది. నాన్న వంగి దాన్ని అందుకోబోయాడు.

పుల్లయ్య బాబాయి మోచేత్తో ఆయన్ని పక్కకి నెట్టాడు.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు. "కాల్తుంది."